అడవి టర్కీ వేట: కొత్తవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేనుండేది మిస్సోరీలో. ఏప్రిల్ మూడో వారం వచ్చిందంటే తెల్లవారుజామున మూడింటికి లేచి, అందరూ నిద్రపోతున్న ఇంట్లోంచి దొంగలా బయటపడతాను. ఈ పిచ్చి ఉన్న తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే అని చాలాకాలం అనుకున్నా. ఇప్పుడు ఆఫీసులో, గుడి దగ్గర, పిల్లల పుట్టినరోజు పార్టీల్లో "అన్నా, ఈసారి నేనూ రావచ్చా?" అని అడిగేవాళ్లు తేలుతున్నారు. అందరూ ఇంచుమించు అవే ప్రశ్నలు అడుగుతున్నారు కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నా. ఏ రాష్ట్రమో విడిగా చెప్పకపోతే కింద ఉన్న రూల్స్ మిస్సోరీవి. మీరు టెక్సాస్‌లోనో పెన్సిల్వేనియాలోనో ఉంటే మీ రాష్ట్రం వేట శాఖ వాళ్ల పుస్తకం చూసుకోండి. అది ఏటా మారుతుంది కూడా.

థాంక్స్‌గివింగ్‌కి షాపులో దొరికే టర్కీ, ఇదీ ఒకటేనా?

జాతి ఒకటే. షాపులోది ఫారంలో పెరిగిన తెల్ల టర్కీ కోడి, ఛాతీ బరువుకి ఎగరడం చేతకాదు. అడవిది పరిగెత్తుతుంది, ఎగురుతుంది, చీకటి పడితే చెట్టెక్కి కొమ్మ మీద పడుకుంటుంది. దూరం నుంచి నల్లగా కనిపిస్తుంది గానీ, ఎండ పడితే ఈకల్లో రాగి రంగు, ఆకుపచ్చ కలిసి మెరుస్తాయి. పుంజు 16 నుంచి 24 పౌన్ల దాకా తూగుతుంది, పెట్ట అందులో సగం. మిస్సోరీలో ఉండేది ఈస్టర్న్ అనే రకం. టెక్సాస్‌లో ఎక్కువగా రియో గ్రాండే రకం కనిపిస్తుంది. ఒసియోలా అనేది ఒక్క ఫ్లోరిడాలోనే ఉంటుంది.

ఇలా వేటాడుతూ పోతే జాతి మిగులుతుందా?

ఒకప్పుడు మిగిలేలా లేదు. అడవులు కొట్టేసి, ఏడాది పొడవునా కాల్చి, 20వ శతాబ్దం మొదటికల్లా టర్కీని దాదాపు తుడిచిపెట్టేశారు. 1937లో అమెరికా ఒక చట్టం చేసింది. దాని ప్రకారం తుపాకులు, తూటాల మీద వసూలయ్యే పన్ను వన్యప్రాణుల కోసం రాష్ట్రాలకు వెళ్తుంది. ఆ డబ్బుతో, లైసెన్సుల డబ్బుతో, ఉన్న కాసిన్ని పక్షుల్ని వలలేసి పట్టి, లేని జిల్లాల్లో వదిలారు. మిస్సోరీలో మళ్లీ వసంతకాలపు వేట మొదలైంది 1960లో. 14 కౌంటీల్లో మూడు రోజులు అనుమతిస్తే మొత్తం రాష్ట్రంలో పడినవి 94 పక్షులు.

వసంతంలో దాదాపుగా పుంజుల్నే కొట్టనిస్తారు. ఒక పుంజు చాలా పెట్టలతో జతకడుతుంది, గుడ్లు పొదిగేది పెట్ట ఒక్కటే. అందుకే కొన్ని పుంజులు పోయినా పిల్లల సంఖ్య పెద్దగా తగ్గదని ఆ లెక్క. ఇటీవలి ఏళ్లలో మాత్రం మిస్సోరీతో సహా చాలా రాష్ట్రాల్లో టర్కీలు మళ్లీ తగ్గాయి, కొన్ని రాష్ట్రాలు ఒక్కొక్కరు కొట్టే పక్షుల పరిమితి తగ్గించి, సీజన్ ఆలస్యంగా మొదలయ్యేలా మార్చాయి. పరిమితి రెండని ఉంది కదా అని రెండూ కొట్టి తీరాలని లేదు. నేను ఒకటితో ఆపేస్తాను.

హెచ్-1బీ మీద ఉన్నాను. తుపాకీ పట్టుకోవచ్చా?

నన్ను అందరికంటే ఎక్కువ మంది అడిగేది ఇదే, తొందరపడి తప్పు చేసేదీ ఇక్కడే. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం వలసేతర వీసా మీద వచ్చినవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటా గానీ ఉండకూడదు. ఈ నిషేధానికి కొన్ని మినహాయింపులున్నాయి. మనకు పనికొచ్చేది, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉండటం. ముందు లైసెన్సు, ఆ తర్వాతే తుపాకీ. షాపులో చూద్దామని చేతిలోకి తీసుకోవడమైనా, స్నేహితుడి తుపాకీ అడిగి పట్టుకోవడమైనా ఈ వరుసలోనే జరగాలి. లైసెన్సు గడువు అయిపోయి తుపాకీ ఇంట్లో ఉండిపోతే మళ్లీ చిక్కే. గ్రీన్ కార్డు ఫైల్ నడుస్తున్నవాళ్లు ఒక ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అరగంట అడిగి తెలుసుకోండి. ఆ ఫీజుకి వెనకాడకండి. గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకి ఈ నిషేధం లేదు.

ఇంత టెన్షన్ ఎందుకనుకుంటే విల్లుతో వేటాడొచ్చు. కాకపోతే మొదటిసారే విల్లుతో టర్కీ అంటే, ఈత రానివాణ్ణి గోదావరిలో దింపినట్టే.

ఇండియా వచ్చినప్పుడు వేటాడొచ్చా?

వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జైలుకి పోతారు. ఊళ్లో తాతల కాలంలో పెంపుడు కౌజు పిట్టను బుట్టలో పెట్టి, దాని కూతతో అడవి కౌజుల్ని రప్పించి పట్టేవాళ్లని విని ఉంటారు. టర్కీ వేట కిటుకు కూడా అదే. ఇక్కడ కూసేది మనం.

వేట భద్రత కోర్సు చేయాలా?

1967 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు చేయాలి, అంటే మనలో దాదాపు అందరూ. పెద్దవాళ్లు మొత్తం ఆన్‌లైన్‌లోనే పూర్తి చేయొచ్చు. తుపాకీ ఎటు తిప్పాలి, కంచె ఎలా దాటాలి, చెట్టు మీద నుంచి పడకుండా ఎలా కూర్చోవాలి లాంటివన్నీ ఉంటాయి. మన ఇంజినీరింగ్ పరీక్షలతో పోలిస్తే సులువు. కానీ బట్టీ పట్టి వదిలేయకండి, కంచె దాటే భాగం రెండుసార్లు చదవండి. ఆ తర్వాత వసంత టర్కీ పర్మిట్ విడిగా కొనాలి.

ఏ తుపాకీ కొనాలి?

12 గేజ్ గానీ 20 గేజ్ గానీ (గేజ్ అంటే గొట్టం సైజు), మామూలు పంప్ షాట్‌గన్ చాలు. దానికి టర్కీ చోక్ అని గొట్టం చివర బిగించేది ఒకటి దొరుకుతుంది. అది పెల్లెట్లు, అంటే తూటాలోని చిన్న గుళ్లు, చెదిరిపోకుండా దగ్గరగా పంపుతుంది. మిస్సోరీలో నాలుగో నంబరు కంటే పెద్ద పెల్లెట్లు వాడకూడదు (నంబరు పెరిగేకొద్దీ పెల్లెట్ చిన్నది). నాలుగు, ఐదు, ఆరు నంబర్లలో మీ తుపాకీకి ఏది పడుతుందో కాల్చి చూసుకోవాలి.

ఇక్కడ కొత్తవాళ్లు డబ్బంతా తుపాకీ మీద పెట్టి, పది తూటాలు కాగితం మీద కాల్చడానికి మాత్రం పిసినారితనం చూపిస్తారు. పెద్ద అట్టముక్క మీద పది అంగుళాల వెడల్పున గుండ్రంగా గీసి, 40 గజాల నుంచి కాల్చండి. ఆ గీతలోపల వంద పెల్లెట్లు పడాలన్నది పాత లెక్క. నాకు మొదటిసారి ముప్పై ఎనిమిది పడ్డాయి, అవీ ఎక్కువ ఎడమ పక్కకి. అదే తుపాకీ, అదే చోక్, తూటా కంపెనీ మార్చేసరికి వంద దాటింది. 40 గజాల్లో మీకు అలా పడకపోతే మీ హద్దు 30 గజాలు. అంతకుమించి దూరంలో ఉన్న పక్షిని చూసి దండం పెట్టండి.

బట్టలు?

టర్కీకి వాసన పెద్దగా తెలియదు. కళ్లు మాత్రం మనకంటే చాలా నయం. రంగులు చూస్తుంది, కళ్లు తలకి రెండు పక్కలా ఉండటంతో మెడ కొంచెం తిప్పితే చాలు, చుట్టూ ఉన్నదంతా కనబడుతుంది. కాబట్టి ముఖానికి, చేతులకి కూడా కామో, అంటే ఆకుల్లో కలిసిపోయే రంగుల బట్ట, ఉండాలి. వాచీ తీసేయండి. ఎరుపు, తెలుపు, నీలం రంగులు లోపలి బనియన్ మీద కూడా వద్దు, సాక్సుల్లో కూడా వద్దు. పుంజు తలకాయ రంగులు అవే. పొదలో ఇంకొకడికి మీ కాలర్ తెల్లగా మెరిస్తే వాడికి టర్కీ తల కనిపిస్తుంది.

ఎక్కడికి వెళ్లాలి?

దక్షిణ మిస్సోరీలో మార్క్ ట్వెయిన్ నేషనల్ ఫారెస్ట్ దాదాపు 15 లక్షల ఎకరాలు. అది కాక రాష్ట్ర కన్సర్వేషన్ ఏరియాలున్నాయి. ఎవరి హద్దు ఎక్కడో చూపించే ఫోన్ యాప్ ఒకటి తప్పనిసరిగా పెట్టుకోండి. పక్కవాళ్ల పొలంలోకి అడుగుపెట్టాలంటే ముందే అడగాలి. సీజన్లో కాదు, ఫిబ్రవరిలో వెళ్లి అడగండి. పండగకి స్వీట్ బాక్స్ ఇచ్చి ఒక రైతు దగ్గర అనుమతి తెచ్చుకున్నవాణ్ణి నాకు తెలుసు.

సీజన్ ముందు రెండు మూడు ఉదయాలు తుపాకీ లేకుండా వెళ్లి కూతలు వినండి. మట్టి దారుల్లో రెక్కలు ఈడ్చిన గీతలుంటే పుంజు అక్కడ పురి విప్పి తిరుగుతోందన్నమాట. రెట్ట చూసి కూడా చెప్పొచ్చు: ఇంగ్లిషు జె అక్షరంలా వంకీ తిరిగి ఉంటే పుంజుది, చుట్టుకుపోయి ముద్దగా ఉంటే పెట్టది. మా ఆవిడ ఇది విన్నాక వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

గింజలు చల్లి రప్పించొచ్చా?

మిస్సోరీలో నేరం. ఎవరో చల్లిన చోట తెలియక కూర్చున్నా ఇబ్బందే. గింజలు పూర్తిగా తీసేశాక కూడా పది రోజుల దాకా ఆ చోటు నిషిద్ధం. రికార్డు చేసిన కూతలు స్పీకర్లో వేయడం కూడా కుదరదు.

పొద్దున ఎలా మొదలవుతుంది?

సూర్యోదయానికి గంట ముందే మీ చోట్లో ఉండాలి. టార్చి లైటు నేలకేసి పట్టుకుని నడవండి. కాసేపటికి తూర్పు బూడిద రంగులోకి తిరుగుతుంది, ఎక్కడో గుడ్లగూబ అరుస్తుంది. ఆ అరుపుకి ఒళ్లు మండినట్టు చెట్టు మీది పుంజు గొంతు విప్పుతుంది. అది అరుపు కాదు, గులకరాళ్లు నిండిన డబ్బాని మెట్ల మీద నుంచి దొర్లించినట్టుంటుంది. మొదటిసారి విన్నప్పుడు నా చేతుల్లో ఉన్న ఫ్లాస్కు మూత ఆకుల్లో పడిపోయింది. గుడ్లగూబ అరవకపోతే మనమే అరిచి చూడొచ్చు, దానికి చిన్న ఊదుడు గొట్టం దొరుకుతుంది.

కూత వినపడ్డాక 150, 200 గజాల దూరంలో ఆగిపోవాలి. ఇంకా దగ్గరికి వెళ్తే చెట్టు మీది నుంచి చూసేస్తుంది. మీ భుజాలకంటే వెడల్పైన చెట్టుకి వీపు ఆనించి, మోకాలి మీద తుపాకీ పెట్టుకుని, ఎడమ భుజం పుంజు వైపుండేలా కూర్చోండి. ఇది కుడిచేతి వాటం వాళ్లకి, ఎడమచేతి వాళ్లు తిరగేసుకోండి. కింద ఒక దిండు వేసుకోండి. వేర్ల మీద రెండు గంటలు కదలకుండా కూర్చోవడం అంత తేలిక కాదు. కాల్చే సమయం సూర్యోదయానికి అరగంట ముందు మొదలవుతుంది, పబ్లిక్ భూముల్లో మధ్యాహ్నం ఒంటిగంటకి ఆపేయాలి.

ఎనిమిదిన్నరకి అందరూ ఇంటికి బయల్దేరతారు. మీరు ఆగండి. పెట్టలు గుడ్లు పెట్టడానికి గూటికి వెళ్లిపోయాక, పదింటి ప్రాంతంలో పుంజు ఒంటరిదవుతుంది. పొద్దున మీ పిలుపు పట్టించుకోనిది అప్పుడు పరిగెత్తుకొస్తుంది. నాకు పడ్డ వాటిలో ఎక్కువ అలా పదీ పదిన్నర మధ్య వచ్చినవే.

పిలవడానికి ఏ కాల్ కొనాలి?

బాక్స్ కాల్ తీసుకోండి. చెక్క పెట్టె, పైన తెడ్డులాంటి మూత. మూత అంచుని పెట్టె అంచు మీద నెమ్మదిగా లాగితే పెట్ట గొంతు వస్తుంది. సుద్ద రాయాలి, నూనె ఉన్న సుద్ద కాకుండా చూసుకోండి. రెండోది పాట్ కాల్: మూకుడంత పలక, దాని మీద పుల్లతో చిన్న గుండ్రాలు గీస్తారు. ఆ పలక మీద వేలు పెట్టకండి, చర్మంలో ఉండే జిడ్డు అంటితే గొంతు పోతుంది. నోట్లో పెట్టుకునే డయాఫ్రమ్ కాల్‌కి చేతులు ఖాళీగా ఉంటాయి కాబట్టి చివరికి అందరూ దానికే వస్తారు, కానీ నేర్చుకోవడానికి నెలలు పడుతుంది. నేను రోజూ కార్లో ఆఫీసుకి వెళ్తూ సాధన చేశాను. మొదటి వారమంతా వాంతి వచ్చినట్టుండేది.

కొత్తవాళ్లకి రెండు శబ్దాలు వస్తే చాలు. ఒకటి యెల్ప్, అంటే పెట్ట "కియౌక్, కియౌక్" అని వరసగా అయిదారుసార్లు పిలవడం. రెండోది క్లక్, ఒక్క ముక్క. యెల్ప్‌లో గొంతు కంటే తాళం ముఖ్యం. గొంతు బొంగురుపోయిన పెట్టలు అడవిలోనూ ఉంటాయి, తాళం తప్పే పెట్టలు ఉండవు.

పుంజు కూస్తోంది గానీ దగ్గరికి రావడంలేదు. ఏం చేయాలి?

ఈ వేట కష్టమంతా ఇక్కడే. అడవిలో పద్ధతేమిటంటే పుంజు కూస్తుంది, పెట్ట వెతుక్కుంటూ పుంజు దగ్గరికి పోతుంది. మనం తిరగేసి అడుగుతున్నాం: మహారాజా, మీరే రండి అని. ఆయన 70 గజాల్లో ఆగి, పురి విప్పి, పెట్ట రావడం కోసం చూస్తుంటాడు. మీరు ఎంత పిలిస్తే అంత అక్కడే ఉంటాడు, ఎలాగూ వస్తోంది కదా అని.

కాబట్టి నోరు మూసుకోండి. పావుగంట, ఇరవై నిమిషాలు ఏమీ అనకండి. ఎడమచేత్తో ఎండుటాకుల్ని గీకండి, పెట్ట మేత కోసం తవ్వుకున్నట్టు. వెళ్లిపోయిందేమో అన్న అనుమానం పుంజుకి రావాలి. కూత ఆగిపోయింది కదా అని మీరు లేవకండి, చాలాసార్లు చప్పుడు చేయకుండా వస్తుంది. నా మొదటి సీజన్లో అరగంట నిశ్శబ్దం తర్వాత "ఇక పోయిందిలే" అని నీళ్ల సీసా కోసం వెనక్కి తిరిగాను. వెనకాల పన్నెండు అడుగుల్లో ఉంది. "పట్" అని ఒక్క శబ్దం. అది ప్రమాదం అని చెప్పే మాట. రెండు సెకన్లలో అక్కడ ఈక కూడా లేదు.

పుంజని ఎలా గుర్తుపట్టాలి?

పర్మిట్ మీద ఉండేది గడ్డం ఉన్న పక్షి అని. ఛాతీ మీద నుంచి గుర్రపు తోక వెంట్రుకల్లాంటి కుచ్చు వేలాడుతుంది, దాన్నే గడ్డం అంటారు. పెట్టల్లోనూ కొన్నింటికి గడ్డం ఉంటుంది, వాటిని కొట్టడం చట్టప్రకారం తప్పు కాదు. కానీ గుడ్లు పొదిగేదాన్ని ఎందుకు? వదిలేయండి. పుంజు తల ఎరుపు, తెలుపు, నీలం. పెట్ట తల బూడిద రంగు. ఏడాది వయసు కుర్ర పుంజు పురి విప్పితే మధ్య ఈకలు పొడుగ్గా, పక్కవి పొట్టిగా ఉంటాయి. పెద్ద పుంజుకి అన్నీ సమానం. కోడిపందాలు చూసినవాళ్లకి కాలి ముల్లు గురించి చెప్పనక్కర్లేదు, ఇక్కడా దాన్ని బట్టే వయసు లెక్కగడతారు. అంగుళం దాటితే ముదురు పుంజు.

ఎప్పుడు కాల్చాలి?

పురి విప్పినప్పుడు కాదు. అప్పుడు తల ఛాతీలోకి ముడుచుకుని ఉంటుంది. ఒక్కసారి గట్టిగా క్లక్ చేస్తే పురి దించి మెడ నిటారుగా చాపుతుంది. ఈకలు ఆగిపోయి చర్మం మొదలయ్యే చోట గురిపెట్టి, ట్రిగ్గర్ మెల్లగా నొక్కండి. ఒంటి మీద కాలిస్తే రెక్కలు, ఈకలు అడ్డుపడి, గాయంతో పారిపోయి ఎక్కడో చస్తుంది. కూర్చోగానే చేయాల్సిన మొదటి పని, 40 గజాల్లో ఉన్న ఒక చెట్టుని గుర్తు పెట్టుకోవడం. ఆ చెట్టు అవతల ఉన్నంతసేపూ అది మీది కాదు.

అడవిలో అసలు ప్రమాదం ఏమిటి? ఎలుగుబంట్లా?

ఇంకో వేటగాడు. ఆలోచించండి: మీరు ఒంటినిండా ఆకుల బట్టలేసుకుని పొదలో కూర్చుని అచ్చం పెట్టలా అరుస్తున్నారు. అవతల ఒకడు అదే పని చేస్తున్నాడు. ఎవరో ఒకరు "అదిగో టర్కీ" అనుకుంటే చాలు.

అందుకే కూత వినపడిన వైపు పాక్కుంటూ వెళ్లకండి, అక్కడ కూసేది మనిషి కావచ్చు. పెన్సిల్వేనియాలో అలా పొంచి వెళ్లడమే చట్టవిరుద్ధం. పుంజు కూతని అనుకరించే కాల్ కొనకండి. బొమ్మ పెట్టలు, బొమ్మ పుంజులు వాడేటట్టయితే సంచీలో మూసి మోయండి. పురి ఈకలు ముందు పట్టుకుని పక్షి మీదికి పాకడం వీడియోల్లో బాగుంటుంది, నాతో వచ్చేవాళ్లని మాత్రం చేయనివ్వను. నడిచేటప్పుడు నారింజ రంగు టోపీ పెట్టుకోండి, పడిన పక్షిని నారింజ గుడ్డలో చుట్టి మోయండి.

ఎవరైనా మీ వైపు వస్తుంటే చెయ్యి ఊపకండి, టర్కీ శబ్దం చేయకండి. కదలకుండా గట్టిగా మాట్లాడండి. రెండేళ్ల కిందట నేను పిలుస్తుంటే ముప్పై గజాల్లో పొద కదిలింది. తుపాకీ గొట్టం కనిపించింది, తర్వాత మోచెయ్యి. ఆ క్షణంలో నోట్లోంచి ఇంగ్లిషు రాలేదు. "ఆగు బాబూ, ఆగు!" అని అరిచాను. ఆ ముసలాయన ఉలిక్కిపడి గొట్టం నేలకి దించాడు. మనిషి గొంతయితే చాలు, ఏ భాషైనా ఫర్వాలేదు. తర్వాత ఇద్దరం ఒక దుంగ మీద కూర్చుని ఆయన ఫ్లాస్కులో కాఫీ తాగాం. ఆయన చేతులు నా చేతులకంటే ఎక్కువ వణికాయి.

పురుగూ పుట్రా?

పాముల కంటే పిడుదులు. ముందురోజే బట్టలకి, బూట్లకి పెర్మెత్రిన్ కొట్టి ఆరబెట్టండి, ఒంటి మీద మాత్రం రాయకండి. ప్యాంటు సాక్సుల్లోకి దోపండి. ఇంటికి రాగానే చంకలు, నడుము, చెవి వెనక వెతకండి. ఇక్కడ లోన్ స్టార్ అనే పిడుదు ఉంది, ఆడదాని వీపు మీద తెల్ల చుక్క ఉంటుంది. అది కుడితే కొందరికి మాంసం పడకుండా పోతుంది. గొడ్డు, పంది, మేక, గొర్రె ఏది తిన్నా కొన్ని గంటలకి దద్దుర్లు, కడుపునొప్పి, ఒక్కోసారి ఊపిరాడకపోవడం. జన్మలో మటన్ బిర్యానీ లేకుండా బతకాల్సి రావచ్చు. కోడి, టర్కీ, చేప తినొచ్చు. ఇది చెప్పాకే మా తమ్ముడు పిడుదుల మందు కొన్నాడు.

పడ్డాక ఏం చేయాలి? ఎలా వండాలి?

ముందు తుపాకీ సేఫ్టీ వేయండి. పక్షి కాసేపు గట్టిగా కొట్టుకుంటుంది, కాలి ముళ్లు చీరేస్తాయి, చేతులు జాగ్రత్త. పక్షిని కదిలించకముందే పర్మిట్ మీద గుర్తు పెట్టాలి, అదే రోజు ఫోన్లోనో యాప్‌లోనో రిపోర్ట్ చేయాలి. వేడిగా ఉన్న రోజైతే పొట్ట వెంటనే శుభ్రం చేసి నీడలో పెట్టండి.

ఇక్కడివాళ్లు చాలామంది ఛాతీ కోసుకుని కాళ్లు పారేస్తారు. గుండె తరుక్కుపోతుంది. ఛాతీ మాంసంలో కొవ్వు ఉండదు, ఎక్కువ ఉడికితే పీచు. వేపుడుకి సన్నగా కోసి పెరుగులో నానబెట్టండి, లోపల 165 ఫారెన్‌హీట్ దాటిందంటే పొయ్యి ఆపేయండి. కాళ్లు నాటుకోడి కంటే గట్టి, లోపల పుల్లల్లాంటి నరాలుంటాయి. అల్లం వెల్లుల్లి, గుంటూరు కారం, ధనియాల పొడి పట్టించి కుక్కర్లో ముప్పావుగంట ఉడికిస్తే నరాలు వాటంతట అవే ఊడొస్తాయి. వాటిని ఏరేసి, ముక్కలు విడదీసి, గసగసాలు కొబ్బరి ముద్దతో ఇగురు పెట్టండి. మెడ దగ్గర ముక్కల్లో పెల్లెట్లు ఉండిపోతాయి, వండేముందు ప్రతి ముక్కనీ వేళ్లతో నలిపి చూసుకోండి. మా ఇంట్లో ఒకసారి మామగారి పన్ను కింద ఒకటి టక్కుమంది. అప్పటినుంచి ఆయన ప్లేటులో వేసే ముక్కలు నేనే రెండుసార్లు వెతికి వేస్తున్నాను.